అమ్మ పేరు మీద ఆర్‌బీఐ ఫ్లోటింగ్ రేట్ బాండ్లు కొన్నాం, 2025 ఫిబ్రవరి నుంచి జులై దాకా ఏం జరిగిందంటే

జులై 1న మొదటి వడ్డీ అమ్మ ఖాతాలో పడింది, అందుకే ఇప్పుడు రాస్తున్నా, అంతకు ముందే రాసుంటే సగం సంగతే రాసినట్టయ్యేది. ఇవి వడ్డీ రేటు ఆరు నెలలకోసారి మారే ఏడేళ్ళ ప్రభుత్వ బాండ్లు. రేటు ఎంతో అందరూ చెప్తారు గానీ బ్యాంకుకి వెళ్తే ఏం అడుగుతారు, కాగితం చేతికి ఎప్పుడొస్తుంది, మొదటి వడ్డీ తక్కువ ఎందుకు పడుతుంది, ఇవి మాకు ముందుగా చెప్పినవాళ్ళు లేరు. ఇంట్లో పెద్దవాళ్ళ డబ్బు ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నవాళ్ళకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

అమ్మకి 71. విశాఖ కూర్మన్నపాలెంలో ఉంటాం. నాన్న పోయాక వచ్చిన డబ్బులో కొంత బ్యాంకులో ఎఫ్‌డీ వేశాం, అది ఫిబ్రవరి 17న మెచ్యూర్ అయ్యింది, చేతికి పది లక్షల చిల్లర. సరిగ్గా దానికి పది రోజుల ముందే, ఫిబ్రవరి 7న ఆర్‌బీఐ రెపో రేటు, అంటే బ్యాంకులకి తను అప్పిచ్చే రేటు, 6.25 శాతానికి తగ్గించింది, దాదాపు ఐదేళ్ళ తర్వాత మొదటిసారి తగ్గించడం. ఇంక ఎఫ్‌డీ రేట్లు దిగడం ఖాయం, వెంటనే రెన్యూ చేసేయండి అని బ్యాంకు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీముకి ఎందుకు వెళ్ళలేదు అని అడుగుతారేమో, దాంట్లో అప్పుడు 8.2 శాతం, మూడు నెలలకోసారి వడ్డీ, నిజంగా మంచి స్కీము, కానీ 30 లక్షల లిమిట్, ఊళ్ళో పొలం అమ్మిన డబ్బుతో అమ్మది ఎప్పుడో నిండిపోయింది. మీకు దాంట్లో ఇంకా ఖాళీ ఉంటే ముందు అదే నింపుకోండి, నేను రాసేదంతా ఆ తర్వాత సంగతి.

అమ్మ అడిగింది ఒక్కటే. "ధరలు పెరిగితే వడ్డీ కూడా పెరిగేది ఏటైనా ఉందేటే? పాల పేకెట్టు పెరుగుతంది, బీపీ మాత్రలు పెరుగుతన్నాయి, వడ్డీ మాత్రం అయిదేళ్ళూ అక్కడే కూర్చుంటంది" అంది. చదువు ఏడో తరగతి దాకానే అయినా ఈ విషయం అమ్మకి అర్థమైనంత బాగా బ్యాంకులో కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్ళకి కూడా అర్థం కాలేదు, నిజం చెప్తున్నా.

శ్రీకాకుళంలో మా మావయ్య బ్యాంకులో పని చేసి రిటైరయ్యాడు, ఆయనకి ఫోన్ చేశాం. అచ్చంగా అలాంటివే ఒకప్పుడు ఉండేవి అని చెప్పాడు. 2013 డిసెంబర్‌లో ప్రభుత్వం ద్రవ్యోల్బణానికి ముడిపెట్టిన పొదుపు బాండ్లు తెచ్చింది, పదేళ్ళవి, ధరల సూచీ ఎంత పెరిగితే అంత, దాని మీద ఇంకో 1.5 శాతం. అప్పట్లో జనం పెద్దగా పట్టించుకోలేదట, ఇప్పుడు మనలాంటివాళ్ళకి అవి అమ్మట్లేదు. దానికి కాస్త దగ్గరగా ఉండేది ఈ ఫ్లోటింగ్ రేట్ బాండే అన్నాడు. దీని రేటు పోస్టాఫీసు ఎన్ఎస్సీ (నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్) రేటు కన్నా 0.35 శాతం ఎక్కువ. అప్పటికి ఎన్ఎస్సీ 7.7 ఉంది కాబట్టి ఇది 8.05. జనవరి 1న, జులై 1న రేటు మళ్ళీ చూస్తారు, ఎన్ఎస్సీ పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది.

అయితే ఇది ధరలతో పాటే పెరిగేస్తుంది అని ఎవరైనా చెప్తే నమ్మకండి. మావయ్యే ఒక ఉదాహరణ చెప్పాడు. 2022 ఏప్రిల్‌లో ద్రవ్యోల్బణం 7.79 శాతం ఉంది, అప్పుడు ఈ బాండ్ ఇచ్చింది 7.15 మాత్రమే, అంటే డబ్బు విలువ తగ్గినట్టే. 2023 జనవరిలో 7.35 అయ్యింది, ఆ జులైకి 8.05 అయ్యింది. ఆలస్యంగా వస్తుంది, కానీ వస్తుంది. 2020లో 7.15కి కొన్నవాళ్ళకి కూడా 2025లో 8.05 వచ్చింది, అప్పట్లో ఎఫ్‌డీ వేసుకున్నవాళ్ళకి మాత్రం వేసిన రేటే. ఇంకోటి, బ్యాంకు డిపాజిట్‌కి ఇన్సూరెన్స్ 5 లక్షల వరకే, ఇది నేరుగా భారత ప్రభుత్వం ఇచ్చే బాండ్. అమ్మ ఒప్పుకున్నది ఈ చివరి మాటకే. చాలా ఏళ్ళ క్రితం ఒక కంపెనీలో నెలనెలా కట్టింది, అది మూసేశారు, కట్టించుకున్న ఏజెంట్ మా వీధివాడే, మళ్ళీ కనపడలేదు. ఆ దెబ్బ అమ్మ ఇప్పటికీ మర్చిపోలేదు, డబ్బు మాట వస్తే చాలు ముందు "ప్రభుత్వందేనా" అని అడుగుతుంది.

ఫిబ్రవరి ఆఖరి వారంలో మా ఏరియా బ్రాంచికి వెళ్ళాం. ఇవి స్టేట్ బ్యాంకులో, మిగతా ప్రభుత్వ బ్యాంకుల్లో, కొన్ని ప్రైవేటు బ్యాంకుల్లో కూడా అమ్ముతారు కాబట్టి ఏ బ్రాంచిలో అయినా ఇస్తారనుకున్నాం. ఏ బ్యాంకో చెప్పను. కౌంటర్ దగ్గర అమ్మాయి "ఆర్‌బీఐ బాండ్లా, అవి ఆపేశారు కదా మేడం" అంది. పాత 7.75 శాతం బాండ్లు 2020 మే ఆఖర్లో ఆపేసిన మాట నిజం, వాటి బదులే జులై 1 నుంచి ఇవి వచ్చాయి, ఆ మాట చెప్పాను, లోపలికి పంపారు. లోపల సారు అమ్మని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి ఒక ఇన్సూరెన్స్ పాలసీ గురించి అరగంట చెప్పాడు. ఏటా ఇంత కడితే ఇన్నేళ్ళ తర్వాత ఇంత వస్తుంది, పైగా టాక్స్ ఉండదు అని. 71 ఏళ్ళ మనిషికి పన్నెండేళ్ళ పాలసీ. నాకు కోపం ఎంత వచ్చిందంటే గొంతు వణికింది, అమ్మ మాత్రం నెమ్మదిగా "బాబూ, నాకు బాండే కావాలి, లేపోతే డబ్బులు పేంకులోనే ఉంచీ" అంది. అప్పుడు చెప్పాడు, మా దగ్గర ఆ పని చేయడం రాదు, సిటీలో పెద్ద బ్రాంచికి వెళ్ళండి అని. ఆ ముక్క మొదటే చెప్పుంటే సరిపోయేది.

అందుకే చెప్తున్నా, బ్రాంచికి వెళ్ళే ముందు ఫోన్ చేసి పూర్తి పేరు చెప్పి అడగండి, "ఫ్లోటింగ్ రేట్ సేవింగ్స్ బాండ్స్ 2020, టాక్సబుల్, మీ బ్రాంచిలో అప్లికేషన్ తీసుకుంటారా" అని. ఊరికే ఆర్‌బీఐ బాండ్ అంటే వాళ్ళకి గోల్డ్ బాండ్ గుర్తొస్తుంది, అవి కొత్తవి ఇవ్వడం ప్రభుత్వం మానేసింది కాబట్టి లేవనేస్తారు.

మార్చి మొదటి వారంలో ద్వారకానగర్ వైపు పెద్ద బ్రాంచికి వెళ్ళాం. కూర్మన్నపాలెం నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో, అప్పటికే ఎండలు మొదలయ్యాయి, అమ్మకి మోకాళ్ళ నొప్పులు. అక్కడ ఒక చిన్న వయసు ఆఫీసరు ఉన్నాడు, అతనికి ఈ పని పూర్తిగా తెలుసు, ఫారం బయటికి తీసి "అమ్మా, ఇది ఏడేళ్ళు తీయడానికుండదు, తెలుసు కదా" అని అమ్మని చూసి అడిగాడు, నన్ను కాదు. ఆ ఒక్క ప్రశ్నతో నాకు అతని మీద గౌరవం వచ్చింది.

ఆ ఏడేళ్ళ సంగతి సరిగ్గా తెలుసుకోండి. మామూలుగా ఏడేళ్ళు. 60 నుంచి 70 మధ్య వయసు వాళ్ళకి ఆరేళ్ళ తర్వాత, 70 నుంచి 80 మధ్య వాళ్ళకి ఐదేళ్ళ తర్వాత, 80 దాటితే నాలుగేళ్ళ తర్వాత ముందుగా తీసుకోవచ్చు. అయితే అడిగిన రోజే డబ్బు చేతికి రాదు, ఆ తర్వాత వచ్చే జనవరి 1కో జులై 1కో ఇస్తారు, పైగా ఆఖరి ఆరు నెలల వడ్డీలో సగం కోసేస్తారు. అమ్మకి 2030 మార్చికి ఐదేళ్ళు నిండుతాయి, అప్పుడు అడిగితే జులై 1న చేతికొస్తుంది, ఇవాళ్టి రేటు ప్రకారం చూస్తే ఇరవై వేలు పోతాయి. దీని మీద లోన్ ఇవ్వరు, తాకట్టు పెట్టడానికి లేదు, ఇంకొకళ్ళకి అమ్మడానికి లేదు. ఏడేళ్ళు నిండాక తీసుకోకుండా వదిలేస్తే ఆ తర్వాత రోజులకి వడ్డీ కూడా ఉండదు. అందుకే ఆసుపత్రి ఖర్చులకని కొంత విడిగా ఎఫ్‌డీలో ఉంచాకే ఈ పది లక్షలు పెట్టాం. చేతిలో ఉన్నదంతా తీసుకెళ్ళి ఇందులో పెట్టొద్దు, ఎంత సేఫ్ అయినా సరే.

ఆ రోజు పని అవ్వలేదు. అమ్మ సంతకం కలవలేదు. ఖాతా తెరిచినప్పుడు తెలుగులో పూర్తి పేరు గుండ్రంగా రాసింది, ఇప్పుడు చెయ్యి వణికి అక్షరాలు విడివిడిగా పడుతున్నాయి. ఆఫీసరు ఏమీ విసుక్కోలేదు, రూల్ అమ్మా అన్నాడు, అయినా అమ్మ ముఖం చిన్నబోయింది, మళ్ళీ మళ్ళీ పెన్ను పట్టుకుని రాయడానికి చూసింది, నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మన పేరు మనం రాసుకుంటే మనది కాదనడం ఆ వయసులో ఎంత కష్టంగా ఉంటుందో అక్కడ చూశా. సొంత బ్రాంచికి వెళ్ళి కొత్త సంతకం ఎక్కించుకు రావాలి, ఫోటో, ఆధార్ జిరాక్స్, ఒక ఫారం, సిస్టంలో మారడానికి రెండు మూడు రోజులు. పేరు కూడా చూసుకోండి, పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాస్‌బుక్‌లో పొడి అక్షరమే ఉంది. బాండ్ పాన్‌లో ఉన్న పేరుతోనే తీసుకోమన్నారు. పెద్దవాళ్ళని తీసుకెళ్ళే ముందు ఇంట్లోనే పాన్, ఆధార్, పాస్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టుకుని పేరు, సంతకం సరిచూసుకుంటే ఒక ప్రయాణం మిగులుతుంది.

మార్చి 12 బుధవారం పని అయ్యింది. పట్టుకెళ్ళినవి పాన్, ఆధార్ జిరాక్స్‌లు, ఫోటో, వడ్డీ పడాల్సిన ఖాతా పాస్‌బుక్ మొదటి పేజీ. చెక్‌బుక్ ఉంటే క్యాన్సిల్ చేసిన చెక్కు అడుగుతారు, అమ్మకి లేదు, పాస్‌బుక్‌తో సరిపెట్టారు. ఫారంలో నామినీ భాగం తప్పకుండా నింపండి, ఒకరికన్నా ఎక్కువమందిని పెట్టొచ్చు, అమ్మ నన్నూ అన్నయ్యనీ చెరి సగం రాయించింది. కనీసం వెయ్యి రూపాయలు, ఆపైన వెయ్యి చొప్పున ఎంతైనా పెట్టొచ్చు, పై లిమిట్ లేదు. వడ్డీ కలుపుకుంటూ పోయి చివర్లో ఇచ్చే పద్ధతి దీంట్లో లేదు, ఆరు నెలలకోసారి ఖాతాలో వేసేయడమే. కొన్నందుకు చార్జీ ఏమీ తీసుకోలేదు, మాకైన ఖర్చు జిరాక్స్‌లు, బస్సులు, ఆటోలు అంతే. అమ్మ ఖాతా ఆ బ్యాంకులోదే కాబట్టి డబ్బు అక్కడికక్కడే కట్ అయ్యింది, ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. చెక్కు ఇస్తే మాత్రం అది క్లియరైన రోజు నుంచే వడ్డీ లెక్క.

చేతికిచ్చింది ఒక చిన్న అక్నాలెడ్జ్‌మెంట్, స్టాంపు వేసి. అంతే. పది లక్షలు వెళ్ళిపోయాయి, చేతిలో అరచేయంత కాగితం. బాండ్ కాగితం ఉండదు, ఖాతాలా ఎలక్ట్రానిక్‌గా ఉంటుంది, దానికి సర్టిఫికెట్ ఆఫ్ హోల్డింగ్ అని ఒకటి ఇస్తారు, కొన్ని రోజుల్లో వస్తుందన్నారు. వారం గడిచింది, రాలేదు. మార్చి ఆఖరు, బ్యాంకుల్లో ఇయర్ ఎండింగ్, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు, ఎత్తినా వస్తుందండీ అనడమే. అమ్మ అన్నం సరిగా తినలేదు ఆ రోజుల్లో. పైకి ఏమీ అనదు, రాత్రి పదింటికి లేచి ఆ అక్నాలెడ్జ్‌మెంట్ బీరువాలో ఉందో లేదో చూసుకునేది. "అప్పుడూ ఇలాటి సీటీయే ఇచ్చాడే ఆడు" అంది ఒకసారి, ఆ ఏజెంట్ గురించి. అది ప్రైవేటు కంపెనీ, ఇది ప్రభుత్వం అని ఎంత చెప్పినా, కాగితం కళ్ళతో చూడందే ఆవిడకి నమ్మకం కుదరదు, తప్పేం కాదు అది.

ఏప్రిల్ 1 బ్యాంకు సెలవు, ఆ తర్వాత రెండు రోజులకి మేమే వెళ్ళాం. సర్టిఫికెట్ సిస్టంలో తయారై ఉంది, ప్రింట్ తీసి సంతకం పెట్టి ఇచ్చాడు. అంటే కొన్న రోజు నుంచి మూడు వారాలు. దాని మీద ఏం చూసుకోవాలంటే, పేరు, బాండ్ లెడ్జర్ ఖాతా నంబరు, ఇష్యూ తేదీ మార్చి 12 అని, మెచ్యూరిటీ 2032 మార్చి 12 అని, నామినీ ఎక్కిందా లేదా, వడ్డీ పడే ఖాతా నంబరు. మా దాంట్లో నామినీ ఒక్కరి పేరే కనిపించింది, అడిగితే అక్కడే సరిచేసి మళ్ళీ ప్రింట్ ఇచ్చాడు. బస్సులో కూర్చున్నంతసేపూ అమ్మ ఆ కవరు ఒళ్ళో పెట్టుకుంది.

అదే రోజు ఇంకో సంగతి తెలిసింది. దీని వడ్డీ ఏడాదికి పది వేలు దాటితే టీడీఎస్, అంటే వడ్డీ చేతికిచ్చే ముందే టాక్స్, కోస్తారు. అమ్మకి కట్టాల్సిన టాక్స్ లేదు కాబట్టి, టాక్స్ కోయొద్దని పెద్దవాళ్ళు రాసిచ్చే 15హెచ్ ఫారం కొన్నప్పుడే మార్చిలో ఇచ్చాం. కానీ అది 2024-25 ఆర్థిక సంవత్సరానిది. మొదటి వడ్డీ జులైలో, అంటే కొత్త సంవత్సరంలో పడుతుంది కాబట్టి మళ్ళీ కొత్త 15హెచ్ ఇవ్వాలన్నాడు, అక్కడే నింపి ఇచ్చి, తీసుకున్నట్టు జిరాక్స్ మీద స్టాంపు వేయించుకున్నాం. జనవరి నుంచి మార్చి మధ్య కొనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. టాక్స్ కట్టేవాళ్ళయితే ఇంకో లెక్క వేసుకోండి, ఈ వడ్డీకి పూర్తిగా టాక్స్ ఉంది, 30 శాతం స్లాబ్‌లో ఉన్నవాళ్ళకి సెస్సు కూడా పోగా చేతికి మిగిలేది ఐదున్నర శాతమే. మా అన్నయ్య తన పేరు మీద కూడా కొంటానన్నాడు, ఈ లెక్క చెప్పి వద్దన్నాను.

ఏప్రిల్ నెల అమ్మకి పరీక్షే. బంగారం తులం లక్ష చేరింది, ఇంటికొచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట, ఆ పది లక్షలు బంగారం కొనుంటే ఎంత అయ్యేదో అని. నాకు బాధనిపించింది, ఎందుకంటే వాళ్ళెవరూ అమ్మకి నెలనెలా మందులు కొనరు. బంగారం పెరిగినా మందులు కొనడానికి దాన్ని అమ్మదు అమ్మ, నాకు తెలుసు. ఆవిడకి కావాల్సింది ఏడాదికి 80,500 వడ్డీ, వేళకి పడటం, అసలు పోకుండా ఉండటం.

నాకు అసలు భయం వేసింది జూన్‌లో. ఏప్రిల్‌లో రెపో 6కి తగ్గింది, జూన్ 6న ఒకేసారి అర శాతం తగ్గించి 5.5 చేశారు. ఎఫ్‌డీ రేట్లు వరసగా దిగాయి. ఇంక ఎన్ఎస్సీ కూడా తగ్గిస్తారు, దాంతో పాటు జులై 1న మన బాండ్ రేటూ పడిపోతుంది అని అందరూ అన్నారు. తగ్గే అవకాశం ఉందని మొదటే అమ్మకి చెప్పాం, అయినా కొన్న నాలుగు నెలలకే తగ్గితే ఎలాగా అని నాకు లోపల గుబులు. చిన్న పొదుపు స్కీముల రేట్లు మూడు నెలలకోసారి ఆర్థిక శాఖ ప్రకటిస్తుంది, జూన్ 30 సాయంత్రం వచ్చింది, ఏమీ మార్చలేదు, ఎన్ఎస్సీ 7.7 అలాగే ఉంది. అంటే 2025 డిసెంబర్ ఆఖరు దాకా మాకు 8.05 ఖాయం. మావయ్యకి ఫోన్ చేస్తే "ఈసారి తప్పింది, జనవరికి తగ్గినా గాభరా పడకండి" అన్నాడు.

జులై 1 మంగళవారం. పొద్దున్నించి అమ్మ ఫోన్ పక్కనే పెట్టుకుంది. "పడ్డాయేటే?" అని అడుగుతూనే ఉంది. మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది, ఇరవై నాలుగున్నర వేలకి ఒక ఇరవై రూపాయలు తక్కువ. అమ్మ వెంటనే "నలభై వేలన్నారు కదా" అంది. ఆరు నెలలు పూర్తిగా ఉంటే 40,250 పడాలి, కానీ మనం కొన్నది మార్చి 12న, జూన్ 30 దాకా 111 రోజులు, ఆ రోజులకే లెక్క కట్టి వేశారు. ముందే చెప్పుంచితే ఆ కంగారు ఉండదు, మీ ఇంట్లోవాళ్ళకి కొన్నరోజే లెక్క వేసి ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. టీడీఎస్ కోయలేదు, 15హెచ్ పని చేసింది. మర్నాడు బ్రాంచికి వెళ్ళి పాస్‌బుక్ ప్రింట్ చేయించుకుని ఆ లైను చూసుకున్నాక అమ్మ మనసు కుదుటపడింది, సాయంత్రం శ్రీకాకుళం ఫోన్ చేసి మావయ్యకి తనే చెప్పింది.

బ్యాంకు చుట్టూ తిరగకుండా ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్‌లో ఆన్‌లైన్‌లో కూడా కొనొచ్చు, 2023 అక్టోబర్ నుంచి ఈ బాండ్లు అందులో ఉన్నాయి. పాన్, ఆధార్‌కి లింకైన మొబైల్, ఈమెయిల్, సేవింగ్స్ ఖాతా ఉండాలి. అమ్మ ఆధార్‌కి ఉన్న నంబరు నాన్న పాతది, అది ఇప్పుడు లేదు, అందుకే మాకు కుదరలేదు. ఆ నంబరు మార్పించే పని ఈ నెలలోనే పెట్టుకున్నాం, ఎందుకంటే ఇంకో చిన్న ఎఫ్‌డీ అక్టోబర్‌లో మెచ్యూర్ అవుతుంది, అందులో రెండు లక్షలు కూడా ఈ బాండ్‌లోనే వేయమంటోంది అమ్మ.